దుంపల సూప్ బంకలా ఎందుకు సాగుతుంది, గొంతు ఎందుకు పడుతుంది

జ్వరం తగ్గి నీరసంగా ఉన్న మామగారి కోసం కంద, చేమదుంప, బంగాళాదుంప, చిలగడదుంప, క్యారట్ అన్నీ కలిపి, చింతపండు పులుసు పోసి, కుక్కర్‌లో నాలుగు విజిల్స్ రానిచ్చి, మిక్సీ పట్టానని రాశారు. సూప్ బంకలా సాగిందనీ, మధ్యమధ్య కంద పలుకులు తగిలాయనీ, గొంతు దురద పెట్టిందనీ, పైగా తియ్యగా ఉందని ఆయన రెండు చెంచాలు తాగి పక్కన పెట్టేశారనీ అన్నారు. ఈ నాలుగింటికీ కారణాలు వేరండీ. బంక మిక్సీ వల్ల వచ్చింది. పలుకు చింతపండు ముందే పడటం వల్ల. దురద కంద వల్ల. తీపి చిలగడదుంప వల్ల. మీరు కొన్న దుంపల్లో తప్పేమీ లేదు, అన్నిటినీ ఒకేసారి కుక్కర్‌లో పడేయడంలోనే వచ్చింది చిక్కంతా.

ముందు కంద సంగతి చూద్దాం, ఎక్కువమంది భయపడేది దానికే. కందలోనూ చేమలోనూ సూదుల్లాంటి కాల్షియం ఆగ్జలేట్ స్ఫటికాలు కట్టలు కట్టలుగా ఉంటాయి. సరిగ్గా ఉడకని ముక్క నోట్లో నలిగితే అవి నాలుకకీ గొంతుకీ గుచ్చుకుంటాయి. మిక్సీ పట్టారు కాబట్టి ఒక్క ముక్కలో ఉండాల్సిన దురద గిన్నె మొత్తానికీ పాకింది. ముక్కగా ఉంటే కనీసం తీసి పక్కన పెట్టేవారు.

కొనేటప్పుడు కోసి అమ్మే కందయితే కోత మీద నలుపు, మెత్తదనం లేకుండా చూడండి. అప్పుడే తవ్వి తెచ్చిన కంద కన్నా కొన్నాళ్లు ఆరిన కంద నయమని మన వైపు వంటవాళ్లందరూ అంటారు. కొవ్వూరు పరిశోధన స్థానం నుంచి వచ్చిన గజేంద్ర రకానికి దురద బాగా తక్కువ. లంకల్లోనూ మెట్టలోనూ వేసేది ఎక్కువగా అదే. అందుకే ఈ రోజుల్లో చాలామంది కందని బంగాళాదుంపలా కోసేసుకుంటున్నారు. అయినా సంతలో ఏ రకం చేతికొస్తుందో చెప్పలేం, జాగ్రత్త మానొద్దు.

కోసే ముందు కంద తడపకండి. మట్టిని పొడిగుడ్డతో దులిపి, చేతులకీ కత్తిపీటకీ నూనె రాసుకుని, పొడిగానే చెక్కు తీయండి. తడి తగిలితే రసం చేతులకి పాకి దురద పెరుగుతుంది. చెక్కు పల్చగా గీకితే చాలదు, అర సెంటీమీటరు మందాన తీసేయాలి. 200 గ్రాముల ముక్కలు కావాలంటే 300 గ్రాముల కంద కొనుక్కోండి. చింతగింజంత ముక్కలు కోసి, నిమ్మకాయంత చింతపండు పిసికిన నీళ్లలోనో పుల్లటి పల్చటి మజ్జిగలోనో పావుగంట నానబెట్టండి. తర్వాత ఆ నీళ్లు పారబోసి, ముక్కలు రెండుసార్లు కడిగి, మునిగేటన్ని మామూలు నీళ్లలో అర చెంచా ఉప్పు, పావు చెంచా పసుపు వేసి, మూత లేకుండా 15 నిమిషాలు ఉడికించి, ఆ నీళ్లూ పారబోయండి. ఉడికించే నీళ్లలో మాత్రం పులుపు వద్దు. ఎందుకన్నది కింద చెబుతాను.

ఉడికిన ముక్కని వేళ్ల మధ్య నొక్కితే వెన్నలా అణగాలి. ఒక ముక్క చల్లార్చి చిన్న తునక నాలుక చివర నలిపి రెండు నిమిషాలు ఆగండి. చురుక్కుమనకపోతే కుండలోకి పోతుంది. చురుక్కుమంటే కొత్త నీళ్లలో మరో పది నిమిషాలు ఉడికించండి. అప్పటికీ తగ్గకపోతే ఆ కంద ఆ రోజుకి వద్దు, పెద్దవాళ్లకి అసలే వద్దు. కందకి లేని దురద కత్తిపీటకెందుకంటారు గానీ, ఇక్కడ కందకి ఉన్న దురద అందరికీ అంటుకుంటుంది. పొరపాటున గొంతు పడితే పుల్లటి మజ్జిగ తాగితే సర్దుకుంటుంది. నాలుకా పెదవులూ వాచినా, ఊపిరి అందకపోయినా ఇంటి వైద్యాలతో కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక పులుపు. కూరముక్క ఉడకడమంటే దాని గోడల్ని పట్టి ఉంచే పెక్టిన్ వదులవ్వడం. పులుపు ఉంటే ఆ పట్టు వదలదు. చింతపండు ముందే పోసిన కుండలో క్యారట్ అరగంటైనా కరకరలాడుతుందీ అంటే, పప్పు పలుకు దిగదూ అంటే, అందుకే. అమ్మమ్మలు పులుసులో ముక్కలు ఉడికాకే పులుపు పోసేవారంటే ఇదే లెక్క. నీళ్లు కూడా అంతే. అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రం దగ్గరి ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా, గట్టిగా ఉంటాయి, వాటిలో పప్పు మెత్తబడదు. కుళాయికి వచ్చే కాలవ నీళ్లో, కొన్న తాగునీళ్లో వాడండి. బోరు నీళ్లే వాడాల్సి వస్తే ఉప్పు కూడా వాటికి తగ్గట్టు తగ్గించుకోవాలి.

బంక విషయానికొస్తే, బంగాళాదుంప, చేమదుంప, చిలగడదుంపల్లో పిండిపదార్థం గింజల్లా చిన్న చిన్న గదుల్లో ఉంటుంది. ఉడికితే నీళ్లు పీల్చి ఉబ్బుతుంది. నెమ్మదిగా మెదిపితే గదులు విడివిడిగా వస్తాయి, సూప్ మెత్తగా ఉంటుంది. మిక్సీ బ్లేడు ఆ గదుల్ని చీల్చేస్తుంది, లోపలి పిండంతా బయటికొచ్చి మైదా జిగురులా సాగుతుంది. చేమకి సహజంగానే జిగట ఉంది కాబట్టి ఇంకా ఎక్కువ. ఒకసారి బంకైతే దాన్ని తిరిగి సూప్ చేయలేం. నీళ్లు పోస్తే పల్చటి బంకవుతుంది, అంతే. మీరు చేసింది ఇంకా ఉంటే బియ్యప్పిండి, ఉల్లి, పచ్చిమిర్చి కలిపి పెనం మీద అట్టు పోసేయండి. దురద ఉన్నదైతే మాత్రం వద్దు.

అందుకని పప్పుగుత్తి చాలు. కుండలో మూడో వంతు ముక్కలు మెదిపితే చిక్కదనం వస్తుంది, మిగతావి నోటికి తగులుతాయి. నమలలేని పెద్దవాళ్లకైతే మొత్తం మెదిపి, చిల్లుల గిన్నెలో గరిటెతో రుద్దుతూ వడకట్టండి. చిలగడదుంప పీచు, ముల్లంగి పీచు పైన మిగిలిపోతాయి. పది నిమిషాల పని, మిక్సీ కడిగే శ్రమ కూడా తప్పుతుంది. క్యారట్, ముల్లంగిలో పిండి తక్కువ, వాటిని మాత్రం మిక్సీ పట్టినా ఏం కాదు.

చిలగడదుంపకి ఒక గుణం ఉంది. దాన్ని చల్లటి నీళ్లలో వేసి సన్నసెగ మీద నెమ్మదిగా కాగనిస్తే అందులోని ఎంజైము పిండిని చక్కెరగా మార్చేస్తుంది. నీళ్లు గోరువెచ్చన దాటి, మరిగే లోపు ఎంతసేపు నిలిస్తే అంత తీపి. నిప్పుల్లో కాల్చిన దుంప అంత తియ్యగా ఉండేది అందుకే. సూప్‌కి ఆ తీపి అక్కర్లేదు కాబట్టి తెర్లుతున్న నీళ్లలోకే ముక్కలు వేయండి, ఎంజైము వెంటనే చచ్చిపోతుంది. దుంప పాళ్లు కూడా మొత్తంలో నాలుగో వంతు దాటనివ్వకండి.

ఇప్పుడు నలుగురికి సరిపోయే కొలత చెబుతాను, లీటరున్నర పైచిలుకు అవుతుంది. చెక్కు తీశాక కంద 200 గ్రాములు, క్యారట్ 150, చిలగడదుంప 150, లేత ముల్లంగి 100. పెసరపప్పు 60 గ్రాములు, అంటే నాలుగు పెద్ద చెంచాలు. ఒక ఉల్లిపాయ, అంగుళం అల్లం, నాలుగు వెల్లుల్లి రేకలు. మిరియాలు, జీలకర్ర చెరో టీ చెంచా. నెయ్యి రెండు పెద్ద చెంచాలు. చిక్కటి కొబ్బరిపాలు 150 మిల్లీలీటర్లు. ఉప్పు రెండు టీ చెంచాలు తలకొట్టి, బీపీ ఉన్నవాళ్లకి ఒకటిన్నర లేదా డాక్టరు చెప్పినంత. నిమ్మకాయ ఒకటి, కరివేపాకు, కొత్తిమీర. బంగాళాదుంప నేనైతే వేయను, కందా చిలగడదుంపా ఉండగా మూడో పిండి దుంప దండగ. వేస్తానంటే చిలగడదుంప తగ్గించి ఆ చోట వేయండి. చెక్కు పచ్చబడిన బంగాళాదుంపలో సొలనిన్ అనే విషపదార్థం ఉంటుంది, అలాంటిది పారేయడమే.

పెసరపప్పు మూకుడులో కమ్మటి వాసన వచ్చేదాకా మూడు నిమిషాలు వేయించి, కడిగి, 300 మిల్లీలీటర్ల నీళ్లూ చిటికెడు పసుపూ వేసి కుక్కర్‌లో మూడు విజిల్స్ రానివ్వండి. ఎర్రబడేదాకా వేయించొద్దు, పప్పు గట్టిపడి ఆలస్యంగా ఉడుకుతుంది. అది ఉడికే లోపు పక్క పొయ్యి మీద కంద పని ముగుస్తుంది.

దళసరి తపేలాలో ఒక చెంచా నెయ్యి వేసి, తరిగిన ఉల్లిపాయ, దంచిన అల్లం వెల్లుల్లి రంగు మారకుండా రెండు నిమిషాలు మగ్గించండి. క్యారట్ ముక్కలు వేసి కలిపి, ఇంకో నిమిషం ఆ నెయ్యిలో తిప్పండి. క్యారట్‌లో విటమిన్ ఏగా మారే పసుపు పదార్థం కొవ్వుతో కలిస్తేనే ఒంటికి పడుతుంది, ఆ చెంచా నెయ్యి రుచి కోసమే కాదు. తర్వాత 900 మిల్లీలీటర్ల వేడినీళ్లు పోసి ముల్లంగి వేయండి. ముల్లంగి ఉన్నంతసేపూ మూత పెట్టకండి, దాని ఘాటు వాసన ఆవిరితో పోవాలి. మూత పెడితే ఆ వాసన సూప్‌లోనే ఉండిపోతుంది, మామగారు మూతి తిప్పుకుంటారు. లోపల బెండులా తేలికపడ్డ ముల్లంగి ఎంత ఉడికించినా పీచే, దాన్ని కొనొద్దు.

తెర్లడం మొదలయ్యాక 8 నిమిషాలకి చిలగడదుంప ముక్కలు వేయండి. ఇంకో 10 నిమిషాలకి అన్నీ మెత్తబడతాయి. అప్పుడు ఉడికించి వంచిన కంద, మెదిపిన పప్పు, ఉప్పు వేసి సన్నసెగ మీద 5 నిమిషాలు ఉంచండి. ఇక్కడ మంట తగ్గించకపోతే పప్పు అడుగంటుతుంది. అడుగంటిన వాసన ఏ పోపూ కప్పదు, కాబట్టి అడుగు తగిలేలా గరిటె తిప్పుతుండాలి. ఒకవేళ అంటితే గరిటె పెట్టి గీకకుండా పైదాన్ని వేరే గిన్నెలోకి ఒంపేయండి. ఇప్పుడు పప్పుగుత్తితో మెదపండి. గరిట ముంచి ఎత్తితే సూప్ గరిట వెనక పల్చటి పూతలా నిలవాలి. ముద్దగా జారితే కాచిన వేడినీళ్లు అరగ్లాసు చొప్పున కలపండి.

కొబ్బరిపాలు చివర. మంట పూర్తిగా తగ్గించి, కుండలోంచి గరిటెడు వేడి సూప్ ముందు కొబ్బరిపాలల్లో కలిపి, ఆ పాలు కుండలో పోసి, అంచున బుడగలు కనపడగానే దించేయండి. తెర్లితే పాలు విరిగి నూనె పైకి తేలుతుంది. విరిగినది తినొచ్చు, కానీ చూపుకి బాగుండదు, జబ్బు పడి లేచినవాళ్లకి నూనె తేలిన గిన్నె చూస్తేనే వికారం. మన కోనసీమ కాయయితే ఒక చిప్ప చాలు: తురిమి, అరగ్లాసు గోరువెచ్చటి నీళ్లతో మిక్సీ పట్టి పిండితే మొదటిపాలు వస్తాయి. అదే తురుముకి మళ్లీ ఒక గ్లాసు నీళ్లు పోసి పిండిన రెండో పాలు 900 మిల్లీలీటర్ల నీళ్లలో భాగంగా వాడుకోండి, పారబోయొద్దు.

మిగిలిన చెంచా నెయ్యిలో జీలకర్ర, కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు, కరివేపాకు, చిటికెడు ఇంగువతో పోపు. ఆవాలు, ఎండుమిర్చి ఈ గిన్నెకి వద్దు. కుండ దించి ఐదు నిమిషాలయ్యాక నిమ్మరసం ఒక చెంచాతో మొదలుపెట్టి రుచి చూసుకుంటూ పిండండి. తీపి మీద మీకున్న ఫిర్యాదు అక్కడ తీరుతుంది: చిలగడదుంప, క్యారట్, ఉల్లి మూడూ తియ్యనివే, వాటికి మిరియం ఘాటూ నిమ్మ పులుపూ తోడైతే గానీ నోరు ఒప్పుకోదు. ఉప్పు పెంచితే తీపి తగ్గదు, ఉప్పుతో కూడిన తీపవుతుంది.

చేమదుంప తప్పనిసరిగా వేయాలంటే విడిగా తొక్కతోనే, చిన్నవైతే 12, పెద్దవైతే 18 నిమిషాలు ఉడికించి, చల్లార్చి, తొక్క ఒలిచి, చక్రాలుగా కోసి, మెదపడం అయ్యాక వేయండి. మెదిపే ముక్కల్లో చేమ కలపొద్దు. పచ్చిగా చెక్కు తీసి కుండలో వేస్తే జిగటంతా నీళ్లలోకి దిగుతుంది. పెండలమైతే కందలాగే విడిగా ఉడికించి వంపుకోవచ్చు, దురద భయం అంత లేదు. ఊదారంగు పెండలం వేస్తే సూప్ రంగు బూడిదలోకి తిరుగుతుంది, బెదరకండి. బీట్‌రూట్ ఒక్క ముక్క పడినా కుండంతా ఎర్రబడుతుంది. ఆ రంగు ఇష్టమైతే వేసుకోండి, రుచికి ఇందులో దానితో పెద్ద పని లేదు.

కర్రపెండలం గురించి విడిగా చెప్పాలి, పెద్దాపురం, సామర్లకోట వైపు నుంచి విరివిగా వస్తుంది కాబట్టి ఎవరో ఒకరు వేయమంటారు. అందులో సైనైడు విడుదల చేసే పదార్థాలుంటాయి. పైన గోధుమరంగు పొట్టుతో పాటు దాని కింది దళసరి తెల్ల పట్టా కూడా మొత్తం ఒలిచి, చిన్న ముక్కలు కోసి, నడిమి నార తీసేసి, పెద్ద గిన్నెలో మూత లేకుండా నిండా నీళ్లలో మెత్తగా ఉడికించి, నీళ్లు పారబోయాలి. పచ్చిగా తురిమి సూప్‌లో కలపడం, ఉడికిన నీళ్లు వాడుకోవడం చేయకూడదు. చేదు తగిలితే ఆ దుంప మొత్తం పారేయండి. నీరసంలో ఉన్నవాళ్లకి ఈ గొడవంతా ఎందుకు, అదే దుంప నుంచి తీసిన సగ్గుబియ్యం రెండు చెంచాలు గంట నానబెట్టి చివరి పది నిమిషాల్లో వేస్తే గింజలు అద్దంలా మెరిసేదాకా ఉడికి చిక్కదనం వస్తుంది. అప్పుడు చిలగడదుంప సగానికి తగ్గించండి.

బలమని అడిగారు కాబట్టి ఒక మాట. దుంపల్లో ఉండేది ప్రధానంగా పిండిపదార్థమే, మాంసకృత్తులు చాలా తక్కువ. 60 గ్రాముల పెసరపప్పులో మాంసకృత్తులు 14 గ్రాములుంటాయి, నలుగురికి పంచితే గిన్నెకి మూడున్నర. రోగం నుంచి లేచినవాళ్లకి అది ఏ మూలకీ చాలదు. గుడ్డు తినే ఇల్లయితే మామగారి గిన్నె విడిగా చిన్న తపేలాలోకి తీసి, మరుగుతుండగా గిలక్కొట్టిన గుడ్డు సన్నటి ధారగా పోస్తూ చెంచాతో తిప్పండి, తెల్లటి పోగుల్లా కడుతుంది. అందులో నిమ్మ, కొబ్బరిపాలు తర్వాత. గుడ్డు వద్దంటే పప్పు 100 గ్రాములకి పెంచి, నీళ్లు 150 మిల్లీలీటర్లు ఎక్కువ పోసి, తాగాక కప్పు పెరుగన్నం పెట్టండి. లేత మునగాకు గుప్పెడు చివరి మూడు నిమిషాల్లో వేసినా మంచిదే, ముదురాకు చేదు.

షుగరుంటే చిలగడదుంప, సగ్గుబియ్యం తీసేసి ఆ బరువుకి సొరకాయ, ముల్లంగి పెంచండి. కిడ్నీ జబ్బున్నవాళ్లకి దుంపల్లోని పొటాషియం, రాళ్లు వచ్చినవాళ్లకి కంద చేమల్లోని ఆగ్జలేట్ రెండూ ఇబ్బందే. అలాంటివేవీ మామగారికి లేవని తేల్చుకున్నాకే ఈ కుండ ఎక్కించండి, డాక్టరుని ఒక్క ఫోనుతో అడగొచ్చు.

ఇంట్లో మిగతావాళ్లు ఈ చప్పిడి సూప్ తాగనంటే వాళ్లకి వేరే వంట అక్కర్లేదు. కొబ్బరిపాలు పోయక ముందే సగం కుండ వేరే గిన్నెలోకి తీయండి. రెండు కట్టల బచ్చలి తరిగి అందులో వేసి ఐదు నిమిషాలు ఉడకనిచ్చి, ఉసిరికాయంత చింతపండు పులుసు, రెండు పచ్చిమిరపకాయలు వేసి ఇంకో ఎనిమిది నిమిషాలు మరిగించండి. ముక్కలు ముందే మెత్తబడ్డాయి కాబట్టి ఇప్పుడు పులుపు ఏమీ చేయదు. దించాక ఆవ పెట్టండి: చెంచా ఆవాలు పావుగంట చన్నీళ్లలో నానబెట్టి, ఒక ఎండుమిర్చి, చిటికెడు ఉప్పుతో మెత్తగా నూరి, సెగ ఆగిన పులుసులో కలపాలి. ఆవాల ఘాటు తడిలో నూరినప్పుడు పుట్టి మరిగితే ఎగిరిపోతుంది, పొయ్యి మీద కలిపితే మిగిలేది చేదే. పెళ్లిళ్లలో చేసే కందా బచ్చలి కాదిది, అది ముద్దకూర, కానీ దాని చుట్టమే.

నిల్వ ఎక్కువ ఉండదు. ఎండాకాలం మన ఉక్కకి కొబ్బరిపాలు పడిన సూప్ పొద్దున చేస్తే సాయంత్రానికి పులుస్తుంది. కొబ్బరిపాలు, నిమ్మ, పోపు లేకుండా అడుగు సరుకు మాత్రం చల్లార్చి ఫ్రిజ్‌లో పెడితే రెండు రోజులు ఉంటుంది. తీసి చూస్తే గడ్డకట్టి ఉంటుంది, పిండి చల్లబడితే అంతే, పాడైనట్టు కాదు. కావలసినంత తపేలాలోకి తీసి వేడినీళ్లు కలిపి, పూర్తిగా తెర్లించి, అప్పుడు కొబ్బరిపాలు పోసుకోండి. తెర్లుతున్నప్పుడు నురగ పొంగి పుల్లటి వాసన వస్తే ఆలోచించకుండా పారబోసేయండి.

మొదటి రోజు మామగారికి కంద లేకుండా క్యారట్, ముల్లంగి, పెసరపప్పుతోనే చేసి, చిన్న గిన్నెడు ఇవ్వండి. అరిగితే రెండో రోజు కంద వేయండి.